అరచేతిలో నల్లకోటు

ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయిన మరుసటేడు, శ్రావణం పడ్డాక మొదటి మంగళవారం, పొద్దున పదిన్నర. నాకప్పుడు గడియారం చూడటం రాదు. లింగారెడ్డి గారి పడసాలలో గోడగడియారం పది దెబ్బలు కొడితే వేళ్ళు ముడుచుకుంటూ లెక్కబెట్టాను, చాలాసేపటికి అది మళ్ళీ ఒంటిదెబ్బ కొట్టింది, ఆ దెబ్బ మోత చెవిలో ఉండగానే నా కుడిచెయ్యి పట్టి లాగి అరచేతిలో ఆముదం కలిపిన మసి పూశారు. నాకు తొమ్మిదేళ్ళు. ఆ పొద్దు జరిగింది మా అమ్మకు తప్ప ఇంకెవరికీ చెప్పకుండా డెబ్భై ఏళ్ళు గడిపాను.

మొన్న మా మనవరాలు తన పసిబిడ్డ మాడుకు పెట్టడానికని గానుగ ఆముదం తెప్పించింది. సీసా మూత తీసిందో లేదో నేను లేచి వీధి అరుగుమీదికి పోయి కూర్చున్నాను. "ఏం జేజీ, వాసన పడదా?" అని లోపలినుంచి అడిగింది. పడదన్నాను. అదే వారం ఒక పత్రిక అబ్బాయి ఫోన్ చేసి, అమ్మా మీరు ఇన్ని డిటెక్టివ్ నవలలు రాశారు కదా, మీరేం చదువుతారు, ఎప్పుడు రాస్తారు, ఈ ఊహలు మీకు ఎక్కడినుంచి వస్తాయి, నాలుగు పేజీలు రాసివ్వండి అన్నాడు. ఇలాంటి ప్రశ్నలకు ఇదివరకు నేను చెప్పినవన్నీ అబద్ధాలే. చిన్నప్పుడు గ్రంథాలయంలో కూర్చుని చదివానని ఒకసారి చెప్పాను, మా నాయన కథలు చెప్పేవాడని ఇంకోసారి చెప్పాను. మా ఊళ్ళో గ్రంథాలయం లేదు. మా నాయన తుంగభద్ర కాలువ తవ్వే పనికి పోయి పండగలకు తప్ప వచ్చేవాడు కాదు, వచ్చినా మాట్లాడేవాడు కాదు. నేను అక్షరాలు దిద్దింది ఇరవయ్యారో ఏట. నా వాక్యాలు ఇట్లా బారుగా ఉంటాయంటే అందుకే. ముందు నోటితో చెప్పుకుని ఆ తరువాత కాగితం మీద పెడతాను.

మాది ఆదోనికి పది మైళ్ళ ఎడంలో నల్లరేగడి ఊరు. శ్రావణం వచ్చిందంటే అక్కడ వాన వచ్చిందని కాదు, వానలాంటి గాలి వచ్చిందని. పడమటిగాలి రోజంతా ఊదేది, మబ్బులు ఎవరో పిలిచినట్టు మా నెత్తిమీదుగా తూర్పుకు పోయేవి, మునిమాపు దాకా వీధుల్లో దుమ్ము లేచి తలుపుల గొళ్ళేలు టకటకమనేవి. అయినా ఆ నెలంటే మాకిష్టం. నాగుల పంచమికి వేపచెట్లకు ఉయ్యాలలు కట్టేవాళ్ళు, ఇంటింటా రోట్లో నువ్వులూ బెల్లమూ కలిపి దంచి చిమ్మిలి చేసేవాళ్ళు, ఆ దంపుడు చప్పుడుకు ఊరంతా ఒకే గుండె కొట్టుకుంటున్నట్టుండేది. మా అమ్మ కొర్రన్నం వండి, పక్కన వేరుశెనగల ఊరుబిండి ముద్ద పెట్టి, అన్నం మధ్యలో వేలితో గుంట చేసి ఒక చుక్క నెయ్యి వేసేది. అది లింగారెడ్డి గారింట్లో గిన్నె తోమేముందు గీకి తెచ్చిన నెయ్యి. అమ్మ ఆ ఇంట్లో కసువు ఊడ్చి, పేడతో అలికి, గిన్నెలు తోమేది.

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. మా వైపు ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తన్నితే నడుము పట్టు వదులుతుందని నమ్మకం. అందుకని తెల్లారేసరికి ఎవరో ఒక పెద్దమనిషి నడుము పట్టుకుని మూలుగుతూ మా గుడిసె ముందుకొచ్చి బోర్లా పడుకునేవాడు, నేను నిద్రకళ్ళతో లేచొచ్చి ఎడమకాలితో మూడుసార్లు తన్నేదాన్ని. ఊళ్ళో గౌరవంగల మగవాళ్ళనందరినీ తన్నాను. "గట్టిగ తన్ను పాపా, సిగ్గుపడాకు. నా పెండ్లాం అయితే ఇంత ఆలోచన చేసేది కాదు," అని లింగారెడ్డి గారే ఒకసారి అన్నారు. తన్నినందుకు బెల్లం ముక్క ఇచ్చేవాళ్ళు. ఎదురుకాళ్ళవాళ్ళకు అంజనంలో దొంగలు కూడా కనపడతారని అదే జనం నమ్ముతారన్న సంగతి మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు.

అమ్మ పనిలో ఉన్నంతసేపు నేను హుసేన్ సాబు అంగడి పంచలో కూర్చునేదాన్ని. ఊరికంతా ఆయనొక్కడే దర్జీ. సన్నగా, మెడలో కొలతల టేపుతో, చెవిమీద సుద్దముక్కతో ఉండేవాడు. మామా అని పిలిచేదాన్ని. నెలకొకసారి దారాలకు, గుండీలకు ఆదోని పోయి, వచ్చేటప్పుడు అట్టలు ఊడిపోయిన డిటెక్టివ్ పుస్తకం ఒకటి సంచిలో వేసుకొచ్చేవాడు. మనసులో చదువుకోవడం ఆయనకు రాదు, పైకి చదవాల్సిందే. మధ్యాహ్నం మిషను ఆపి, పుస్తకం మోకాలిమీద పరుచుకుని, దొంగ మాటలు లోగొంతుకతో, పోలీసు మాటలు ముక్కుతో, పరిశోధకుడి మాటలు కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని చదివేవాడు. మగవాళ్ళు సేద్యాల్లో ఉండేవాళ్ళు, వినేదాన్ని నేనొక్కదాన్నే, గుండీల డబ్బా ముందు పెట్టుకుని నల్లవి ఒకవైపు తెల్లవి ఒకవైపు ఏరుతూ. దారిన పోయేవాళ్ళు ఆగి, "యెవురితో కొట్లాడతాండావు సాబూ?" అనేవాళ్ళు. "దొంగతో లేప్పా. నీ పని నువ్వు చూసుకో," అని మళ్ళీ పుస్తకంలో పడేవాడు. భయం పుట్టే చోటు వచ్చేసరికి ఆగి, నా వైపు చూడకుండా, నిదానంగా సూదిలో దారం ఎక్కించేవాడు. ఆ దారం ఎక్కేలోపల ఎండ ఫెళ్ళున కాస్తున్న వీధిలోకి చూడటానికి కూడా భయమేసేది. అయినా మరుసటి రోజు అన్నం సగంలో లేచి పరిగెత్తేదాన్ని.

ఆ నెల పుస్తకంలో దొంగ పొడుగాటివాడు. మోకాళ్ళదాకా నల్లకోటు, నెత్తిన టోపీ, ఎడమచేతికి చిటికెనవేలు లేదు. పట్టపగలు ఇళ్ళలోకి వచ్చి నగలు తీసుకుపోతాడు, ఎవరూ పట్టలేరు. పరిశోధకుణ్ణి నేలమాళిగలో వేసి తలుపు మూసిన చోట మామ ఆదివారం ఆపాడు.

సోమవారం పొద్దున లింగారెడ్డి గారి భార్య నాగమ్మ, శుక్రవారం పూజకు తోమి పెట్టుకుందామని నగల పెట్టె తీస్తే కాసులదండ లేదు. ఆ లోపలి గదిలోకి ఇంటివాళ్ళు కాకుండా పోయే మనిషి మా అమ్మే. తలారి రంగన్న మా గుడిసెకొచ్చి కుండలన్నీ బోర్లించాడు, కొర్రలు నేలమీద పోసి కాలితో కదిపి చూశాడు, చింతపండు ఉండ కూడా విరిచాడు. అమ్మను తీసుకుపోయి రెడ్డిగారి వాకిట్లో స్తంభం దగ్గర కూర్చోబెట్టారు. నేను వెనకాలే పోయి గోడ పక్కన నిలబడ్డాను.

"నేను తీయలేదు రెడ్డీ. తీసింటే ఈ పొద్దు పనికి యాలొస్తాను?" అంది అమ్మ.

"తీసినావని నేనంటినా? అంజనం అంటాది. రేపు ఏటి అవతలినుంచి భీమప్ప వస్తాండాడు. ఆడదో మొగోడో అదే చెప్తాది. ఆడదని వస్తే మాత్రం తిమ్మక్కా, రంగన్న చేతికిస్తా, నన్ననాకు."

రంగన్న భుజాన పేనిన నారతాడు చుట్ట ఉండేది. పైర్లలో పడిన ఎద్దులను పట్టి కట్టే తాడు. మా అమ్మ ఆ తాడు వైపు చూడకుండా కొంగు నెత్తిమీదికి లాక్కుంది.

మంగళవారం భీమప్ప దిగాడు. బక్కపల్చటి మనిషి, నుదుట రూపాయంత కుంకుమ. బండి దిగుతూనే "ఎదురుకాళ్ళ బిడ్డ యెవురు?" అన్నాడు. వాకిట్లో ఉన్నవాళ్ళంతా నావైపు తిరిగారు. నడుము మీద నాతో తన్నించుకున్నవాళ్ళే, ఆ చూపులు మాత్రం వేరే. నన్ను పడసాలలో పీటమీద గోడవైపు మొహంపెట్టి కూర్చోబెట్టారు. వాకిలి నా వీపు వెనక పడింది. సాంబ్రాణి పొగ, ఆముదం వాసన, వెనక జనం ఊపిరి. పావడ తడుపుకుంటానేమోనని మోకాళ్ళు బిగబట్టుకున్నాను.

"ముందు ఆంజనేయస్వామి వస్తాడు. కసువు ఊడ్చి నీళ్ళు చల్లుతాడు. కనపడతాండాడా?"

"ల్యాదు."

చెవి మెలిపెట్టాడు. "సరిగ చూడు. వచ్చినాడా?"

"వచ్చినాడు."

"తోక ఉండాదా?"

"ఉండాది."

నా వెనక అందరూ చెంపలు వేసుకున్న చప్పుడు వినపడింది. నడుము పట్టు వచ్చిన పెద్దమనుషులు, నన్ను బెల్లంతో మోసం చేసేవాళ్ళు, నేను ఉత్తనే అన్నమాటకు చెంపలు వేసుకున్నారు. అప్పటిదాకా వేసిన భయం ఒక ఎత్తు, ఆ చప్పుడుకు వేసిన భయం ఒక ఎత్తు. నేను ఏం చెబితే అది అవుతుందని తెలిసిపోయింది.

"స్వామి పీట వేసి కూచున్నాడు. ఇప్పుడు దొంగను తెస్తాడు. రెప్ప వేయాకు."

ఈసారి నిజంగా చూశాను. మసి నల్లగా నిగనిగలాడుతోంది. ముందు నా ముక్కు కనపడింది. చెయ్యి కొంచెం పక్కకు వంగేసరికి బియ్యపుగింజంత తెల్లటి వెలుగు తేలింది, ఆ వెలుగులో ఒక స్తంభం, స్తంభం పక్కన కొంగు నెత్తిమీదికి లాక్కుని ముడుచుకు కూర్చున్న ఆడమనిషి. ఆ ఆడమనిషి తల ఎత్తింది. మా అమ్మ.

ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా ఆ బొమ్మ గీసి చూపించగలను. అంజనం అబద్ధమని నాకు ఎవరూ చెప్పలేదు. దొంగను తెస్తాడన్నారు, మా అమ్మ వచ్చింది. అంటే మా అమ్మే తీసింది.

"మొగోడా, ఆడదా?"

"మొగోడు," అన్నాను.

"ఎట్లుండాడు?"

మా ఊరి మగవాడెవడూ కాకూడదు. ఎవణ్ణి చెప్పినా రంగన్న పోయి తాడేస్తాడు. ఈ చుట్టుపక్కల ఎక్కడా లేనివాడు కావాలి. అట్లాంటివాడు నాకు తెలిసి ఒక్కడే.

"పొడుగ్గా ఉండాడు. నల్లకోటు. మోకాళ్ళదాకా. నెత్తిన టోపీ."

నేను గెలిచాననుకున్నాను. అప్పుడు ఎవరో, "నల్ల శేర్వానీ. టోపీ. మొన్న రంజాన్ పండక్కి తొడుక్కోల్యా?" అన్నారు. ఇంకెవరో, "హుసేన్ సాబు," అన్నారు.

మామకు అట్లాంటి కోటు ఉందని నాకు తెలియదు. ఏడాదికి రెండుసార్లు తొడుక్కుని ఆదోని పోతాడు, నమాజు చేసుకుని వచ్చి పెట్టెలో పెడతాడు. ఆ రెండు రోజులూ నేను అంగడికి పోను, మూసి ఉంటుంది కాబట్టి. రంగన్నా ఇంకో ఇద్దరూ పరిగెత్తారు. కాదు, ఆయన కాదు అని అరవాలి. మరి ఎవరని అడిగితే ఏం చెప్పాలి? చేతిలో అమ్మ ఇంకా కూర్చునే ఉంది.

మామను మెడలో టేపుతోనే లాక్కొచ్చారు, నేను పీటమీదే వెనక్కి తిరిగాను. రంగన్న ఒక చెంపదెబ్బ కొట్టాడు, కళ్ళజోడు ఎగిరి నా పీట దగ్గర పడింది. పెట్టెలోనుంచి తెచ్చిన శేర్వానీ రెడ్డిగారి ముందు పరిచారు, ఆముదం వాసన మధ్య అత్తరు వాసన లేచింది. "పాప చూసినాది సాబూ. నల్లకోటు, టోపీ. ఏమంటావు?" అన్నారు రెడ్డిగారు. మామ నావైపు తిరిగాడు. కళ్ళజోడు లేని ఆ కళ్ళు నేనెప్పుడూ చూడలేదు, చిన్నవిగా, ఎర్రగా ఉన్నాయి. కోటువైపు చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. ఆయనకు అర్థమైంది. ఆ ఊళ్ళో ఆ దొంగను ఎరిగినవాళ్ళం మేమిద్దరమే.

ఒక్కమాట అంటే చాలు. ఇది నా పుస్తకంలో దొంగ, ఈ పిల్ల కట్టి చెబుతోంది అంటే ఆయన బయటపడతాడు, తాడు మా అమ్మకు, నాకు. ఆ మాట అంటాడని ఎదురుచూశాను.

"రెడ్డీ, ఒక మాట. పాపను నన్నడగనియ్యండి," అన్నాడు. రెడ్డిగారు భీమప్పను చూశారు, భీమప్ప తల ఊపాడు. మామ నా పక్కన గొంతుకూర్చున్నాడు. "పాపా, భయపడాకు. వాని చెయ్యి చూడు. ఎడమ చెయ్యి. యేళ్ళు ఎన్ని ఉండాయో లెక్కబెట్టి చెప్పు."

లెక్కబెడుతున్నట్టు నటించాను. "నాలుగు."

"యాది ల్యా?"

"చిటికెనేలు."

మామ లేచి నిలబడి రెండు చేతులూ ఎత్తాడు. పది వేళ్ళూ విడివిడిగా చాపి, కుట్టి కుట్టి సూదిపోట్లు పడిన వేళ్ళు, వాకిట్లో అందరికీ కనపడేటట్టు నిదానంగా తిరిగాడు. ఆ తరువాత చూస్తే మగవాళ్ళంతా ఎవరి చేతులు వాళ్ళు చూసుకుంటున్నారు, కుమ్మరి నరసన్న రెండుసార్లు లెక్కబెట్టుకున్నాడు. "పరదేశి పని. ఏరు దాటిపోయినాడు," అని భీమప్ప తేల్చాడు. మా అమ్మను లెమ్మన్నారు. మామ వంగి కళ్ళజోడు వెతుక్కుంటే నేను తీసివ్వలేదు. నా చేతినిండా మసి.

బయటపడ్డాడు కదా అని మీరనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. కానీ ఆ వారంనుంచి ఎవరూ ఆయనకు గుడ్డ ఇవ్వలేదు. పది వేళ్ళు ఉంటే ఉండొచ్చు, కోటు ఉండాది కదా అన్నారు. నిప్పు లేనిదే పొగ రాదన్నారు. పండగ రవికెలు ఆదోనిలో కుట్టించుకున్నారు. మామ మిషను ముందు కూర్చుని వీధిలోకి చూస్తుండేవాడు, పుస్తకం తీసేవాడు కాదు, నేను ఆ వీధి తప్పించి చుట్టుతిరిగి పోయేదాన్ని. దసరా వెళ్ళాక బండి మాట్లాడుకుని మిషను ఎక్కించుకున్నాడు. బండి మా గుడిసె ముందుగా పోవాలి. నేను తలుపు చాటున ఉంటే చూశాడు, బండి ఆపించాడు.

"పాపా, ఇంకోసారి చెప్పేటప్పుడు ఉత్తనే టోపీ పెట్టాకు. యెవుని నెత్తిన పడతాదో తెలీదు," అన్నాడు. కోపంగా అనలేదు. కొలత తప్పిందని చెప్పినట్టు అన్నాడు. బండి పోయింది.

ఆ తరువాత ఒక ఏడాది నేను మా అమ్మను చూసి భయపడ్డాను. అన్నంలో నెయ్యి ఎక్కువ పడితే ఎక్కడిదని భయం. అమ్మ గుడిసె మూల అలికితే అక్కడే పూడ్చిందని భయం. అమ్మ పనికి పోగానే చీపురుపుల్లతో మూలమూలా గుచ్చి చూసేదాన్ని, ఏమీ తగలకపోతే ఇంకా లోతుగా పెట్టిందనుకునేదాన్ని. అమ్మ నా తల దువ్వుతుంటే మెడ బిగుసుకుపోయేది. "ఏమ్మే, దయ్యం పట్టిందా?" అనేది. అమ్మను కాపాడింది నేనే, అమ్మంటే వణికిందీ నేనే.

మళ్ళీ శ్రావణం వచ్చింది. శుక్రవారం సాయంత్రం అమ్మ రెడ్డిగారింటినుంచి వచ్చి, కొంగులో తెచ్చిన తీపి ఓళిగలు నా ముందు పెట్టి, పొయ్యిముందు కూర్చుంది. "కాసులదండ దేవుని కలశానికేసినారు," అంది. రెడ్డిగారి తల్లి బసమ్మవ్వ, మతిమరుపు మనిషి, దొంగలొస్తారని తానే దాన్ని గుడ్డలో చుట్టి జొన్నల గుమ్మిలో పెట్టి మరచిపోయిందట. మాఘంలో గుమ్మి అడుక్కు వచ్చినప్పుడు దొరికిందట. ఆరు నెలలుగా మళ్ళీ నగల పెట్టెలోనే ఉంది. నాగమ్మ మా అమ్మకు ఒక రవికెగుడ్డ చేతిలో పెట్టి, "యెవురితో అనాకు తిమ్మక్కా, పెద్దామె మానం పోతాది," అందట. ఆ గుడ్డ కుట్టడానికి మా ఊళ్ళో దర్జీ లేడు.

అప్పుడు చెప్పేశాను. "మరి నాకు అంజనంలో నువ్వే కనపడితివి."

అమ్మ నా మొహంలోకి చూసింది. అరిచి కొడుతుందనుకున్నాను. "ఆ పొద్దు నేను యాడ కూచోనుంటి?" అంది.

"స్తంభం కాడ."

"నీకు ముందరా, యెనకా?"

"యెనక."

"నీళ్ళకడవలోకి వంగి చూస్తే యెనక నిలబడినోళ్ళు కనపడరా?"

నేను చూసిన మొదటి పరిశోధకురాలు మా అమ్మ. వేలిముద్ర కూడా సరిగా వేయలేని మనిషి. ఆదోని పోయి మామకు చెబుదామన్నాను. అమ్మ పొయ్యిలోకి కట్టె ఎగదోసి, "పోతే ఆ ఇంట్లో పని పోతాది. పోయి ఏం చెప్తావు, నువ్వే అబద్ధం చెప్పినావనా? గమ్మునుండు," అంది. గమ్మునున్నాను.

ఇంక ఆ పత్రిక అబ్బాయి అడిగినవి. పెళ్ళయి, లారీ నడిపే మొగుడితో ఎర్రగుంట్లకు వచ్చాక, మా పెద్దపాప ఒకటో తరగతి పలకమీద దాని పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. నేర్చుకున్నది ఆ పుస్తకం కోసం. పరిశోధకుడు నేలమాళిగనుంచి బయటికొచ్చాడా, దొంగ ఎవరు అని. అట్ట లేని పుస్తకానికి పేరేముంటుంది, దొరకలేదు. దాన్ని వెతుకుతూ బస్టాండు అంగళ్ళలో ఉన్న డిటెక్టివ్ నవలలన్నీ చదివాను. ఇప్పటికీ ఏ నవలైనా చివరి అధ్యాయం ముందు చదువుతాను. రుచి పోదా అంటారు. నాకు కావలసింది దొంగ ఎవరని కాదు, మధ్యలో అనుమానంలో పడ్డవాడు బయటికొచ్చాడా అని. రానట్టయితే ఆ పుస్తకం మొదలుపెట్టను, అంత ధైర్యం నాకు లేదు. నెత్తురు పారే పుస్తకాలకు నాకు భయం వేయదు. పదిమంది కూర్చుని ఒకడు నిలబడిన చోట భయమేస్తుంది.

రాయడం పొద్దున అన్నం వార్చాక మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా, పెన్సిలుతో, వీపు గోడకు ఆనించి, వాకిలి ఎదురుగా పెట్టుకుని. వాకిలి వెనక పెట్టుకుని ఒక్క వాక్యం రాయలేను. ప్రతి నవలకూ ముందు ఒక నోటుబుక్కులో ఆ కథలో ఎవరి దగ్గర ఏముందో రాసుకుంటాను, ఎవరికి గొడుగుంది, ఎవరికి ఉంగరముంది, ఎవరు కుంటుతారు. దొంగకు ఏ గుర్తు పెట్టినా ఆ గుర్తు ఇంకెవరికి ఉందో చూసుకోకుండా ముందుకు పోను. నల్లకోటు ఏ నవలలోనూ రాయలేదు. దొంగ దొరికాక నా పరిశోధకుడు ఇంటికి పోడు. అనుమానించిన ఒక్కొక్కరి గడపకూ పోయి, నిలబడి, మీరు కాదని తేలింది అని చెప్పి వస్తాడు. ఆ అధ్యాయం దండగ, కథ అయిపోయింది కదమ్మా అని అచ్చువేసేవాళ్ళు ప్రతిసారీ అనేవాళ్ళు. అది తీసేస్తే పుస్తకం ఇవ్వనని తెచ్చేసుకున్న రోజులున్నాయి.

నేను మాత్రం ఆ గడపకు ఒకేసారి పోయాను. మొదటి నవల అచ్చయిన ఏడు, దాన్ని సంచిలో పెట్టుకుని, ఆదోనిలో అడుగుతూ అడుగుతూ ఒక సందులో మామ అంగడి కనుక్కున్నాను. జుట్టు నెరిసింది, కళ్ళజోడు అద్దాలు గాజుబుడ్డి అడుగంత మందం. నన్ను గుర్తుపట్టలేదు. రవికెగుడ్డ తీసిచ్చాను.

"ఏ ఊరమ్మా?"

"ఎర్రగుంట్ల."

"అంతదూరంనుంచి వచ్చి ఈడ కుట్టిచ్చుకుంటాండావా? ఆ పక్క దర్జీలంతా సచ్చినారా?" అని నవ్వాడు.

"పెండ్లికొచ్చినా," అన్నాను. పెళ్ళేమీ లేదు. "పుస్తకాలేమైనా చదువుతారా?" అని అడిగాను.

"ఒగప్పుడు. ఒక ఊర్లో ఉన్నెప్పుడు. తర్వాత ఇడిసిపెట్టినా," అని టేపు తీసి కొలత రాసుకున్నాడు. సంచిలో పుస్తకం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. నాలుగు మాటలు చాలు. దండ దొరికింది, గుమ్మిలో ఉంది, నేను అబద్ధం చెప్పాను. మాట రాలేదు. రేపొస్తానని చెప్పి బస్టాండుకు నడిచాను. ఆ రవికె తెచ్చుకోలేదు. రెండేళ్ళకు మళ్ళీ ధైర్యం చేసి పోతే అంగడికి తాళం వేసి ఉంది, మామ పోయి ఆరు నెలలైందన్నారు.

పోయిన ఏడు మా మనవడు కారులో తిప్పాడు. ఆ సందులో ఇప్పుడు ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది. ఊళ్ళో రెడ్డిగారి పడసాల కూలి, గడియారం తగిలించిన గోడ ఒక్కటి నిలబడి ఉంది. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు ఎవరని ఇప్పుడెవరూ అడగరు, బిడ్డలు ఆస్పత్రిలో కోసి బయటికి తీస్తే పుడుతున్నారు. జొన్నల గుమ్ములు లేవు. నడుము నొప్పికి మాత్ర వేసుకుంటారు. అంజనం వేసేవాళ్ళు పోయారు, నాకు దిగులు లేదు.

ఆ మంగళవారం ఉన్నవాళ్ళ పేర్లు రాస్తున్నాను. పడసాలలో కుర్చీమీద లింగారెడ్డి. గడప లోపల ఆయన భార్య నాగమ్మ. నులకమంచం మీద తల్లి బసమ్మవ్వ, చిమ్మిలి తింటూ. అంజనం వేసిన భీమప్ప. తాడుతో తలారి రంగన్న. రంగన్న వెంట పరిగెత్తిన ఇద్దరు, జీతగాడు మారెప్ప, కుమ్మరి నరసన్న. శేర్వానీ పేరెత్తిన గాండ్ల వీరన్న. వాకిట్లో నిలబడి చూసిన చాకలి సుంకన్న, ఆయన భార్య లచ్చుమక్క. స్తంభం దగ్గర మా అమ్మ తిమ్మక్క. చేతులెత్తి నిలబడిన హుసేన్ సాబు. ఆ రోజు అక్కడ దొంగ లేడు. పీటమీద ఉన్నది ఉరుకుందమ్మ, నేను.